భువనగిరి గుట్ట: ఇద్దరు కలిసి ఎక్కి, మాటలు మిగుల్చుకుని దిగడం ఎలా

వరంగల్ రోడ్డు మీద పోయే ప్రతివాళ్ళూ ఆ గుట్టని చూసే ఉంటారు. ఊరి నెత్తిన గుడ్డు బోర్లించినట్టు ఒకటే బండ, దాని మీద కిరీటంలా కోట గోడ. చూసి, "ఎప్పుడైనా ఎక్కాలి" అనుకుని, అలాగే యాదగిరిగుట్టకి దర్శనానికి వెళ్ళిపోతారు. మా దగ్గర ఉత్తి "గుట్ట" అంటే యాదగిరిగుట్టే మరి, భువనగిరిది గుట్ట అని ఎవరికీ గుర్తుండదు. పెళ్ళయిన పదకొండేళ్ళ దాకా మేమూ అంతే. ఇప్పుడు చలి మొదలైందంటే ఒక్కసారైనా మా ఆయనా నేనూ ఎక్కి రావాల్సిందే.

గుట్ట ఎత్తు 500 అడుగుల పైచిలుకు. నింపాదిగా ఎక్కితే ముప్పావు గంట, ఫోటోలతో సహా గంట. చిన్నదే. ఇక్కడ జరిగే పొరపాట్లన్నీ ఆ "చిన్నదే" అన్న మాటలోంచే పుడతాయి. హవాయి చెప్పులతో వస్తారు, ఇద్దరికి కలిపి ఒక్క అర లీటరు సీసా తెస్తారు, పన్నెండింటికి మెట్ల దగ్గర నిలబడతారు. అరగంట తర్వాత ఒకరు పైన, ఒకరు కింద, మధ్యలో మాటల్లేవు. ఈ రాసేదంతా అలా కాకుండా చూసుకోవడానికి.

ఏ నెలలో

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అంతే, వేరే నెలల గురించి బేరాలు వద్దు. కారణం బండ. గుట్ట మీద చెట్టు నీడ చాలా తక్కువ, ఉన్నదంతా రాయి. పొద్దున్నించీ తాగిన ఎండనంతా అది మళ్ళీ మన మీదకే వదులుతుంది. మార్చి దాటాక పైనుంచి ఎండ, కిందనుంచి సెగ. పైగా గేటు పొద్దెక్కాకే తీస్తారు. కాబట్టి తెల్లారుజామున ఎక్కి సూర్యోదయం చూద్దాం అన్న ఊహ మొదట్లోనే మానుకోండి. ఎండలో ఎక్కక తప్పదు కనక ఎండ మెత్తగా ఉండే నెల చూసుకోవాలి.

వానాకాలంలో గుట్ట అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. బండ సందుల్లో పచ్చిక, గుంటల్లో నీళ్ళు, మీద మబ్బు నీడలు. కానీ తడి బండ మీద నల్లగా కనిపించే చారలు ఉంటాయి చూడండి, అవి నాచు. ఎండితే కాగితంలా ఉంటుంది, తడిస్తే సబ్బు. వాన పడిన రోజూ, ఆ మర్నాడూ ఎక్కొద్దు.

ఆదివారం కాకుండా మరే రోజైనా నయం. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆదివారమే దిక్కైతే గేటు తీసే వేళకి టికెట్ల కిటికీ ముందు మీరే మొదట ఉండండి. వేళలు మారుతుంటాయి, ముందురోజు ఒకసారి కనుక్కోండి. చిల్లర దగ్గర పెట్టుకోండి.

బూట్ల సంగతి

దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ పాఠం మేం డబ్బులు పోసి నేర్చుకున్నాం.

మూడేళ్ళ కింద మా ఆయన సజ్జ మీద నుంచి తన పాత బూట్లు దింపారు. ఎప్పుడో కొన్నవి, పది సార్లు కూడా వేసినవి కావు, చూడ్డానికి కొత్తవే. కంపెనీ పేరు చెప్పను. రెండో దర్వాజా దాటాక కుడి బూటు అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది. ఇంకో ఇరవై మెట్లకి అడుగు మొత్తం ఊడి, చేతిలో అట్టముక్కలా వచ్చింది. లోపల జిగురంతా పొడి, వేలితో గీకితే ఎండిన బెల్లం పాకంలా రాలింది. నా చున్నీ అంచు చింపి బూటు చుట్టూ కట్టి దిగాం. ఆ చున్నీ మా అక్క పోచంపల్లిలో కొనిచ్చింది, ఇప్పటికీ అంటుంటుంది.

తర్వాత తెలిసింది, కొన్ని రకాల మెత్తటి అడుగులు వాడకుండా పెడితేనే పాడవుతాయట. గాలిలో తేమకి లోలోపల విరిగిపోతాయి. కాబట్టి ముందు వారమే బూట్లు తీసి, అడుగుని రెండు చేతులా గట్టిగా వంచి చూడండి. పగుళ్ళు కనిపించినా, అంచు దగ్గర గోరు దూరినా, అవి గుట్టకి పనికిరావు.

ఇంకో మూడు మాటలు. అడుగు రబ్బరుది అయ్యుండాలి, గట్టి ప్లాస్టిక్‌ది బండ మీద జారుతుంది. కొత్త బూట్లైతే కనీసం వారం రోజులు ఇంటి చుట్టుపక్కల వేసుకు తిరగండి. ముందు రాత్రి కాలిగోళ్ళు కత్తిరించుకోండి. నవ్వకండి, దిగేటప్పుడు వేళ్ళు బూటు ముక్కుకి కొట్టుకుంటూ ఉంటాయి, గోరు పొడుగ్గా ఉంటే సాయంత్రానికి నల్లబడుతుంది.

సంచిలో ఏముండాలి

ఇద్దరికీ రెండు చిన్న సంచులు, ఒక్క పెద్దది కాదు. ఒకే సంచి అయితే అది మోసేవాళ్ళు దాహమైనా చెప్పరు, మొయ్యనివాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. ఎవరి నీళ్ళు వాళ్ళ వీపు మీద ఉండాలి. మనిషికి లీటరున్నర. అదనంగా ఒక ఓఆర్ఎస్ పొట్లం. లేకపోతే ఇంట్లోనే లీటరు నీళ్ళకి సమంగా కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. ఆ కొలత చిన్న టీ చెంచాది. ఉప్పు కొలతలో ఉదారంగా ఉండొద్దు.

తిండికి మా ఓటు సర్వపిండికి. ముందు రాత్రి గిన్నెకి ఒత్తి కాల్చుకుంటే మర్నాటికీ బాగుంటుంది, చేతులకి అంటదు, పల్లీలూ శెనగపప్పూ ఉంటాయి కనక కడుపులో నిలుస్తుంది. చింతపండు పులిహోర కూడా మంచిదే, కానీ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోతాయి. పెరుగన్నం వద్దు. రెండు జామకాయలు, ఒక గుప్పెడు ఖర్జూరాలు.

తిండి విషయంలో అసలు సమస్య కోతులు. వాటికి మన ముఖం కన్నా ప్లాస్టిక్ కవరు చప్పుడు బాగా తెలుసు. చేతిలో కవరు ఊగిందా, అది వాటిదే. అందుకని తిండి అంతా స్టీలు డబ్బాలో, డబ్బా సంచిలో, సంచి జిప్పు వేసి వీపు మీద. కోతి ఎదురుపడితే కళ్ళలోకి చూడొద్దు, పళ్ళు కనపడేలా నవ్వొద్దు, వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు. ఖాళీ చేతులు చూపించి నెమ్మదిగా పక్కకి జరిగితే చాలు. ఇంకా మీదకొస్తే పట్టుకున్నది వదిలెయ్యండి, దాంతో గుంజులాట వద్దు. కరిచినా గీరినా వెంటనే సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూసుకోవాలి. గుట్ట కాదు, ఆ రోజుకి అదే పని.

టోపీ లేదా తువ్వాలు, చిన్న గుడ్డ పట్టీల పెట్టె, ఫోను నిండా చార్జింగు. చీరైతే మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికింద పడతాయి, పంజాబీ డ్రెస్సో ప్యాంటో నయం. చున్నీ వేసుకుంటే కొసలు నడుముకి కట్టెయ్యండి. సెంటు కొట్టుకోవద్దు. ఇలాంటి రాతి గుట్టల్లో బండ చూరుల కింద కొండతేనె పట్టు ఉండొచ్చు, ఘాటు వాసనలకీ పొగకీ రాళ్ళు విసిరినప్పుడూ తేనెటీగలు లేస్తాయి. పట్టు కనిపిస్తే గొంతు తగ్గించి ముందుకు సాగిపోవడమే.

చేరుకోవడం

హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, 163వ నెంబరు జాతీయ రహదారి. కారుంటే ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా సూటిగా. మేం మాత్రం ఉప్పల్ దాకా మెట్రోలో వెళ్ళి, అక్కణ్ణుంచి యాదగిరిగుట్ట బస్సో వరంగల్ వైపు పోయే బస్సో ఎక్కుతాం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో నాకు జీరో టికెట్టు, ఆధార్ చూపిస్తే చాలు. ఆయనకి మాత్రం కండక్టరు డబ్బులు తీసుకుంటాడు. ప్రతిసారీ ఆ టికెట్టు నా చేతికిచ్చి "నీ పక్కన కూర్చున్నందుకు" అంటారు.

రైలంటే సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో భువనగిరి స్టేషనుంది, ఆగే బండి చూసుకుని ఎక్కాలి. బస్టాండు నుంచైనా స్టేషను నుంచైనా ఖిల్లా అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు.

ఎక్కే ముందే బాత్రూం పని చూసుకోండి. పైన ఆ సౌకర్యం ఉంటుందని నమ్ముకోవద్దు. ఆడవాళ్ళు ఈ భయంతోనే నీళ్ళు తాగకుండా ఎక్కుతారు, తర్వాత తలనొప్పి. ఊళ్ళో టిఫిన్ చేసిన హోటల్లోనే ఆ పని ముగించండి, నీళ్ళు మాత్రం మానొద్దు. టిఫిన్ రెండు ఇడ్లీలు, అంతకన్నా వద్దు. పూరీ తిని ఎక్కినరోజు నాకు ఇంకా గుర్తుంది.

ఎక్కడం

ఒక్క నియమం చాలు: నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందు నడవాలి.

చాలా జంటలు దీన్నే తిరగేస్తారు. చురుకైనవాళ్ళు ముందు పోతారు, మలుపు దగ్గర ఆగి ఎదురుచూస్తారు, రెండోవాళ్ళు రొప్పుతూ చేరుకోగానే "పద" అని లేస్తారు. ఎదురుచూసినవాళ్ళకి విశ్రాంతి దొరికింది, చేరుకున్నవాళ్ళకి దొరకలేదు. నాలుగు మలుపులు ఇలాగే జరిగితే ఎవరికైనా కోపం వస్తుంది. మా ఇద్దర్లో నెమ్మది ఆయనది, మోకాలు కాస్త పేచీ. మొదటిసారి నేనే ముందు ఉరికాను. "నువ్వు గుట్ట ఎక్కడానికి వచ్చావా, నన్ను ఎక్కించడానికి వచ్చావా?" అన్నారు సగంలో కూర్చుని. ఆ రోజు నుంచి ఆయన ముందు, నేను రెండు మెట్లు వెనక.

వేగం ఎంతో తెలియడానికి గడియారం అక్కర్లేదు. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా, సరిపోయింది. రెండు మాటలకోసారి ఊపిరి అందుకోవాల్సొస్తే తగ్గించండి.

మొదట దర్వాజా. ఇనప మేకులు దిగ్గొట్టిన పెద్ద చెక్క తలుపులు, ఏనుగులతో గుద్దించినా ఆగేలా. దారి దాన్ని సూటిగా చేరదు, మలుపు తిప్పి తెస్తుంది, దండు పరుగున వచ్చి మీద పడకుండా. ఆ నీడలోనే మొదటిసారి ఆగి నీళ్ళు తాగండి, దాహం వేసినా వెయ్యకపోయినా. ఆ తర్వాత నీడ లెక్క మారిపోతుంది.

అక్కణ్ణుంచి మెట్లు. కొన్ని పేర్చినవి, చాలావరకు బండలోనే చెక్కినవి. ఒక్కసారి వంగి చేత్తో తడిమి చూడండి. మెట్టు నడిమధ్య నున్నగా, చిన్న దొన్నెలా గుంట పడి ఉంటుంది. అంచులకి పోతే గరుకు, అరచేతికి ఉప్పురాయిలా తగులుతుంది. ఇన్ని వందల ఏళ్ళుగా అందరూ మధ్యలోనే అడుగువేశారు. మీరు పక్కన వెయ్యండి, గరుకు ఉన్నచోట. ఏటవాలు ఎక్కువైన చోట ఇనప కమ్మీలున్నాయి, పట్టుకోవడానికి సిగ్గుపడొద్దు.

మెట్లు లేని వాలు బండ మీద ఎక్కేటప్పుడు చాలామంది భయంతో ముందుకు వంగి, కాలివేళ్ళ మీద నడుస్తారు. అది తప్పు. పాదం మొత్తం ఆనాలి, అప్పుడే రబ్బరు పట్టు దొరుకుతుంది. పొడి బండ మిమ్మల్ని జార్చదు. జార్చేది దాని మీద పడి ఉన్న సన్నటి ఇసక, ఆవాల మీద నడిచినట్టే. తెల్లగా పొడిగా కనిపించిన చోట దాటుకుని అడుగెయ్యండి.

సగం దూరంలో ఒకచోట కూర్చుని గుట్ట ఒంటిని గమనించండి. అక్కడక్కడ బండ పెచ్చులుగా లేచి ఉంటుంది, ఉల్లిపాయ పొరల్లా. ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో ఎంతో బరువు కింద గట్టిపడిన రాయి, పైన ఉన్నదంతా అరిగిపోయి బరువు తగ్గేసరికి ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది. గుట్ట ఇంత గుండ్రంగా ఉండడానికి కారణం అదే. ఆ పెచ్చుల అంచున ఎప్పుడూ నిలబడవద్దు, కింద బోలుగా ఉండొచ్చు.

ఇక్కడే ఇంకో ఒప్పందం. ఇద్దర్లో ఎవరు ముందు "చాలు" అన్నా ఆ మాటే చెల్లుతుంది, కారణం అడగకూడదు. రెండో వాళ్ళు "ఇంకొంచెమేగా" అనకూడదు. మేం ఒకసారి పైకి వంద అడుగులుందనగా దిగివచ్చాం. నాకు కళ్ళు తిరిగాయి. ఆయన ఒక్క మాట అనలేదు, ఆ మంచితనాన్ని ఆర్నెల్లు వాడుకున్నారు.

తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, ఎండలో ఉన్నా ఒళ్ళు జలదరించడం ఎండదెబ్బకి ముందు గుర్తులు. నీడకి చేర్చి, మెడ మీదా చంకల్లోనూ తడిగుడ్డ పెట్టి, గుక్క గుక్కగా నీళ్ళు పట్టించాలి. మాట తడబడినా, చెప్పింది అర్థం కాకపోయినా, నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యాలి.

పైన

కోటని కట్టించింది కల్యాణి చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు. ఆయన పాలించింది 1076 నుంచి 1126 దాకా. త్రిభువనగిరే వాడుకలో భువనగిరి అయింది. తర్వాత కాకతీయులు ఏలారు, ఆ తర్వాత గోల్కొండ, మొఘలులు, నిజాములు. 18వ శతాబ్దం మొదట్లో సర్వాయి పాపన్న కూడా దీని మీద దండెత్తాడు. కింద నుంచి గోడని చూసి, దండెత్తి దీన్ని ఎక్కాలని ఎవరికైనా ఎలా అనిపించిందా అని నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

పైన కమానుల మహలు, నీటి గుంటలు, ఫిరంగి, దారిలో ఆంజనేయుడు, నంది. కోటలో నీళ్ళకోసం బండ మీద పడిన వాననే గుంటల్లోకి మళ్ళించుకున్నారు, చుక్క వదల్లేదు. ఆ నీళ్ళు ఇప్పుడు తాగడానికి కాదు, దిగి ఆడుకోవడానికి అసలే కాదు, లోతు తెలియదు.

తిండికి మహలు నీడే మంచిచోటు. బయటి బండ మీద కోతులు ఆరుబయట కనిపెడుతుంటాయి. ఇద్దరూ ఒకేసారి తినకండి, ఒకరు తింటే ఒకరు కాపలా. తిన్నాక పొట్లాల కాగితం, తొక్కలు అన్నీ డబ్బాలోకే.

ఫోటోల విషయంలో మా ఇంట్లో చట్టం ఉంది. తీసేవాళ్ళు వెనక్కి అడుగు వెయ్యకూడదు. దూరం కావాలంటే ఫోను దించి, తిరిగి చూసి, నడిచి, ఆగి, అప్పుడు ఫోను ఎత్తాలి. గోడ మీద ఎక్కి కూర్చోవడం లేదు. గుండ్రటి బండలో మోసం ఏమిటంటే, అంచు ఎక్కడుందో తెలియదు. మేడ మీద పిట్టగోడలాగా తెగిపోయి ఉండదు, మెల్లగా వాలుతూ వాలుతూ పోతుంది. వెనక్కి తిరిగి రాలేమని తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

ఈ బండల మీదే శిక్షణ మొదలుపెట్టిన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. గుట్ట మీద తాళ్ళు కట్టుకుని పాకుతున్న పిల్లలు కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మా ఆయన దిగడం చూసి, "అంకుల్, బండని చూడండి, కింద లోయని కాదు" అని సలహా ఇచ్చింది. అంతకన్నా మంచి సలహా నేనివ్వలేను.

పైన అరగంట, మహా అయితే ముప్పావు. పన్నెండుకి ముందే దిగడం మొదలుపెట్టాలి.

దిగడం

ఎక్కేటప్పుడు ఊపిరి అలుస్తుంది, దిగేటప్పుడు మోకాలు అలుస్తుంది. జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే, అదీ కింద ఊరు దగ్గరగా కనిపించాక.

దిగేముందు బూటు తాళ్ళు విప్పి, మడమని వెనక్కి కొట్టి కూర్చోబెట్టి, చీలమండ దగ్గర బిగించి కట్టండి, పాదం ముందుకు జారదు. ఫోను సంచిలోకి. రెండు చేతులూ ఖాళీగా.

ఎత్తైన మెట్టుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి దిగండి, కమ్మీ వైపు చెయ్యి ఉండేలా. మోకాలు పూర్తిగా చాపి దభాలున వెయ్యకండి, ఎప్పుడూ కొంచెం మడిచే ఉండాలి. వాలు మరీ భయపెడితే కూర్చుని జరగండి. బట్టలు మాసిపోతాయి, అంతే కదా.

దిగేటప్పుడు కూడా నెమ్మదైనవాళ్ళే వేగం నిర్ణయించాలి, కానీ ఇప్పుడు గట్టి మనిషి ఒక మెట్టు కింద ఉండాలి. చెయ్యి పట్టుకుని లాగడం వద్దు, ఒకరు జారితే ఇద్దరూ పడతారు. భుజం ఇవ్వండి. మా ఆయన నా భుజం మీద అరచెయ్యి పెడతారు, ఏ మెట్టు దగ్గర మోకాలు నొప్పి పెట్టిందో ఆ ఒత్తిడిని బట్టే నాకు తెలిసిపోతుంది. "ఆగుదామాండీ?" అంటే, "నేనేమన్నానా!" అంటారు. ఆగుతాం.

ఆ తర్వాత

కింద చెరుకు రసమో సోడానో తాగేముందు మామూలు నీళ్ళు తాగండి. పొద్దుంటే, ఓపికుంటే యాదగిరిగుట్ట దగ్గరే, పోచంపల్లి కూడా. మేం మాత్రం రెండూ కలపం. గుట్ట ఎక్కినరోజు ఇంటికి వచ్చి వేణ్ణీళ్ళ స్నానం, పప్పుచారు, నిద్ర.

నొప్పి ఆ రాత్రి కాదు, మర్నాడూ ఆ మర్నాడూ ఉంటుంది, తొడల ముందు భాగంలో. దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు ఆపాలి, అందుకే. పడుకుంటే తగ్గదు, ఇంట్లోనే నెమ్మదిగా నడుస్తుంటే సడలుతుంది. మోకాలు వాస్తే, లేదా మూడు నాలుగు రోజులకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఆ రెండు రోజులూ మా ఇంట్లో నేల మీద పడ్డ వస్తువు నేల మీదే ఉంటుంది. టీవీ రిమోటు సోఫా కింద, ఇటు నేను, అటు ఆయన, ఎవరు వంగుతారా అని చూస్తూ.